నాలుగుసార్లు విప్పిన టీవీ

మా ఇంట్లో టీవీని నేను నాలుగుసార్లు విప్పాను. అన్నాళ్లూ చెవిని మాత్రం ఒక్కసారి కూడా ఎవరికీ చూపించలేదు. నిజానికి నా జబ్బు గురించి చెప్పవలసింది ఇంతే. కానీ ఆ నాలుగుసార్ల మధ్యలో ఒక మనిషికి నేను అన్యాయం చేశాను. ఆ మనిషి నా భార్య సుగుణ. చెవిలో మిషను పెట్టుకుని మూడు నెలలైంది. భయం తగ్గింది, చేతికి నిలకడ వచ్చింది, అందుకని రాస్తున్నాను. దుకాణానికి వచ్చేవాళ్లలో రోజుకొకరైనా నా బాధే చెబుతున్నారు. వాళ్ల టీవీలు బాగు చేస్తూ నోటితో చెప్పలేనిది ఇక్కడ చెబుతాను.

పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా సందు మొదట్లోనే నా టీవీ రిపేరు దుకాణం. ముప్పై ఏళ్లు దాటింది. డబ్బా టీవీల కాలంలో మొదలుపెట్టాను. అప్పట్లో నా పని పద్ధతి వేరు. సెట్టు వెనక మూత తీసి, వాల్యూము నిండుగా పెట్టి, స్పీకరు జాలీకి చెవి ఆనించి వినేవాణ్ణి. గుర్రుమంటే ఒక భాగం పోయినట్టు, చిటపటమంటే ఇంకొకటి. మీటరు పెట్టేవాడు ఇంకా నేర్చుకుంటున్నట్టు, చెవి పెట్టేవాడు ఉస్తాద్ అయినట్టు అని నేనే అందరి ముందూ చెప్పుకునేవాణ్ణి. రోజుకు పది పన్నెండు సెట్లు, అన్నిటికీ ఈ కుడి చెవే. ముప్పై ఏళ్లు దాన్ని స్పీకరుకు అదిమిపెట్టి, అది అరుగుతుందని ఒక్కనాడూ అనుకోలేదు.

ఉగాది నుంచి ఆషాఢం దాకా

రెండేళ్ల కిందట ఉగాదికి మా బిడ్డ లత పాత డబ్బా టీవీ తీయించి, గోడకు వేలాడే పల్చటి టీవీ తెచ్చి పెట్టించింది. లత అత్తవారిల్లు గుడిమల్కాపూర్. మార్కెట్‌లో పూల వ్యాపారం వాళ్లది. బొమ్మ అద్దంలా ఉంది. నాకు మాత్రం మొదటి రోజు నుంచే మాట పట్టుబడలేదు. పాటలు, డప్పులు, కార్లు గుద్దుకునే చప్పుళ్లు గదంతా నిండేవి. మనిషి నోరు తెరిస్తే ఆ మాట నీళ్లలో నానిన కాగితంలా ఉండేది. పెదాలు కదిలేవి, గొంతు వినబడేది, ఏమన్నదీ తెలిసేది కాదు.

నేను మెకానిక్‌ని కనుక నాకు కారణం తెలుసు. డబ్బా టీవీకి స్పీకరు ముందు వైపు ఉండేది, మనిషి ముఖంలోకి మాట్లాడేది. ఈ పల్చటి వాటికి స్పీకరు కింద ఉంటుంది, లేదంటే వెనక ఉంటుంది. నటుడు మనతో మాట్లాడడు, గోడతో మాట్లాడతాడు. పైగా సినిమా హాలు కోసం కలిపిన శబ్దాన్ని తెచ్చి పదడుగుల గదిలో పోస్తారు. ఇది అబద్ధం కాదు. దుకాణానికి వచ్చినవాళ్లు కూడా ఇదే అనేవారు: "ఉస్తాద్, ఆవాజ్ తో ఆరి, బాతాఁ సమజ్ నై ఆరే." శబ్దం వస్తోంది, మాటలే అర్థం కావడం లేదని. ఇంతమంది అంటున్నప్పుడు తప్పు నా చెవిదెందుకవుతుంది?

సగం నిజం చేతికి దొరికితే మనిషి దాన్ని పట్టుకుని ఎంత దూరమైనా పోతాడు. నేను రెండేళ్లు పోయాను.

మొదటిసారి టీవీని దించి, మూత విప్పి, దుమ్ము దులిపి మళ్లీ పెట్టాను. ఏమీ మారలేదు. ఆషాఢంలో, వీధిలో బోనాల డప్పులు మోగుతుండగా, రెండోసారి విప్పాను. దానిలోని అగ్గిపెట్టెంత స్పీకర్లు తీసేసి, దుకాణంలో పడివున్న పాత డబ్బా టీవీ స్పీకర్లు రెండు చెక్కపెట్టెల్లో బిగించి, అటూ ఇటూ ముందుకు తిప్పి పెట్టాను. సుగుణ చీరకు ఫాల్ కుడుతూ చూస్తోంది. మంచిగైందా అని అడిగాను. ముందు కూడా మంచిగనే ఉండె కదా అంది. ముప్పై ఏళ్లు సౌండు చూసినవాణ్ణి నేనా నువ్వా అన్నాను. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంది.

అప్పుడే తెలియాలి నాకు. ఒకే గదిలో, ఒకే టీవీ ముందు, ఒకరికి వినబడి ఇంకొకరికి వినబడకపోతే తేడా ఎక్కడుందో చూడటం నా వృత్తి. ఇంకొకరి ఇంట్లో అయితే అర నిమిషంలో చెప్పేవాణ్ణి.

వాల్యూము పద్దెనిమిది నుంచి ముప్పైకి, ముప్పై నుంచి నలభై అయిదుకి పోయింది. మా దుకాణం పక్కనే గడియారాలు బాగు చేసే సలీం భాయ్ ఇల్లు మా ఇంటి వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. ఒకరోజు చాయ్ తాగుతూ, "నర్సింగ్ భాయ్, మా టీవీ అమ్మేద్దామనుకుంటున్న. మీ ఇంట్ల ఖబర్లు మా ఇంట్ల మంచిగ వినబడుతున్నయ్, రెండు టీవీలు ఎందుకు?" అన్నాడు. నేను నవ్వాను. ఇంటికి వచ్చి ఆ కోపం సుగుణ మీద చూపించాను. నువ్వు వెనకింటికి పోయి చెప్పినవా అని.

రాత్రి ఏడున్నరకు ఆమె చూసే సీరియల్ ఒకటుండేది. ఆమె రోజంతటిలో తనదని చెప్పుకునే అరగంట అదే. నేను పక్కన కూర్చుని ప్రతి మాటకూ "ఏమన్నది? ఏమన్నడు?" అని అడిగేవాణ్ణి. ఆమె చెప్పేది. చెబుతుండగానే తర్వాతి మాట దాటిపోయేది. దాన్నీ అడిగేవాణ్ణి. కొన్నాళ్లకు ఆమె సీరియల్ చూడటం మాని, నాకు సీరియల్ చెప్పడం మొదలుపెట్టింది. అదీ ఇంకొంచెం గట్టిగా చెప్పమని కసిరేవాణ్ణి, నోట్లో నోట్లో నసుగుతావని. నలభై ఏళ్ల కిందట నేను ఇష్టపడిన గొంతు అది. చిన్నది, తడి తడిగా ఉండేది. దానికి వంక పెట్టాను.

తర్వాత నాకొక ఉపాయం దొరికింది. కొన్ని సినిమాలకు కింద ఇంగ్లీషులో మాటలు రాసి వస్తాయి. అవి చదువుకుంటే చెవితో పని లేదు. ఏడున్నరకు రిమోట్ నా చేతిలోకి వచ్చింది. సుగుణ అయిదో తరగతి దాకా తెలుగులో చదివింది. తెర మీద తెల్లవాళ్లు మాట్లాడుతుంటే, కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తుతుంటే, రెండు రోజులు కూర్చుని చూసింది. మూడో రోజు చాప చుట్టుకుని వంటింట్లోకి పోయింది. నాకు చోటు ఎక్కువై హాయిగా కాళ్లు చాపుకున్నాను.

దసరా ముందు

ఈ భాగం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

అప్పటికి నాకు మూడు మాటలు అలవాటయ్యాయి: "ఆ", "సరే", "చూద్దాం". ఎవరేమన్నా వినబడకపోతే ఈ మూడింట్లో ఒకటి అనేవాణ్ణి. మళ్లీ చెప్పమని అడిగితే చెవిటివాడంటారు. ఈ మూడింటితో అయితే ఎంతటి సంభాషణైనా గడిచిపోతుంది. చెవి సరిగా లేనివాళ్లందరికీ ఇలాంటివి రెండు మూడు మాటలు ఉంటాయని తర్వాత తెలిసింది. మీ ఇంట్లో ఎవరైనా అన్నిటికీ తలూపుతూ ఇవే మాటలు అంటుంటే ఒకసారి వాళ్ల ముఖం వైపు చూడండి.

సుగుణ పుట్టిల్లు సైదాబాద్. ఆటోలో పోతే ఇంత దూరమని చెప్పుకునే దూరం కూడా కాదు. అక్కడ వాళ్లమ్మ, తమ్ముడు శంకర్ ఉండేవారు. అంతకు ముందు ఏడాది శంకర్ నన్ను ఒక్క మాట అడగకుండా షాపులో కొత్త టీవీ కొనుక్కొచ్చాడు. టీవీ మెకానిక్ బావ ఉండగా అడగకపోవడం నాకు తలకొట్టేసినట్టయింది. ఇక ఆ ఇంటి గడప తొక్కనన్నాను. అన్నది ఒక టీవీ గురించి. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఆ రోజు సాయంత్రం క్రికెట్ నడుస్తోంది. సుగుణ వచ్చి నా కుడి వైపు నిలబడింది. టీవీకి అడ్డం రావడం నాకు నచ్చదని ఆమె ఎప్పుడూ పక్కనే నిలబడి మాట్లాడేది. ఏదో అంది. చేతులు కొంగులో చుట్టుకుని ఉన్నాయి. నేను తెర మీంచి కళ్లు తీయకుండా "చూద్దాం తియ్" అన్నాను. ఆమె ఇంకాసేపు అక్కడే నిలబడింది. పోయింది.

మర్నాడు సాయంత్రం అదే చోట నిలబడి మళ్లీ ఏదో అంది. ఈసారి కొంచెం పొడుగ్గా చెప్పింది. నేను విసుగ్గా "చూద్దామన్న కదా" అన్నాను.

మూడో రోజు పొద్దున ఫోన్ వచ్చింది. నేను గడ్డం గీసుకుంటున్నాను. వెనక్కి తిరిగి చూస్తే సుగుణ నేల మీద కూర్చుని ఉంది, ఫోన్ ఒళ్లో ఉంది. వాళ్లమ్మ పోయింది. రెండు రోజులుగా బాగాలేదని, చూడాలని ఉందని, సైదాబాద్ తీసుకుపొమ్మని ఆమె నన్ను అడిగింది. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ నేను చూద్దామన్నాను. గడప తొక్కనన్న మనిషి చూద్దామంటే వద్దనే అని ఆమె అర్థం చేసుకుంది. ఎవరైనా అలాగే అర్థం చేసుకుంటారు.

ఆమె ఏమడిగిందో నాకు ఇంట్లో తెలియలేదు. సైదాబాద్‌లో, వాకిట్లో పదిమంది కూర్చుని ఉండగా శంకర్ నా ముందుకు వచ్చినప్పుడు తెలిసింది. గట్టిగానే మాట్లాడాడు కనుక వినబడింది.

"అక్క రెండు దినాల సంది అడిగిందంట కదా బావా. చూద్దాం అన్నవంట. నా మీద కోపం ఉంటే నా మీద ఉంచుకో. అమ్మ ఏం జేసింది నిన్ను?"

అప్పుడు, ఆ క్షణంలో, నేను అనవలసిన మాట ఒక్కటే. నాకు వినబడలేదు. అంతే. అది నిజం కూడా. వాకిట్లో అందరూ నా వైపు చూస్తున్నారు. వాళ్లలో సగంమంది టీవీలు నేను బాగు చేసినవే. చెవిటి మెకానిక్ అంటారని ఆలోచించాను. శవం లేవకముందు, నా భార్య గోడకు ఆనుకుని ఏడుస్తుండగా, నేను నా దుకాణం పేరు గురించి ఆలోచించాను.

"షాపుల పని ఉండె" అన్నాను.

సుగుణ తల ఎత్తి చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. చెవిటివాణ్ణని తెలియడం కన్నా చెడ్డవాణ్ణనిపించుకోవడమే మేలని నేను ఎంచుకున్నాను. ఎంచుకున్నానని అప్పుడు నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

పదకొండు రోజులు ఆమె అక్కడే ఉంది. తిరిగి వచ్చిన సాయంత్రం నేను టీవీని దించి, నేల మీద బోర్లా పెట్టి విప్పుతున్నాను. అది నాలుగోసారి. మూడోసారి వినాయక చవితికి ముందు, ఆంప్లిఫయర్ ఒకటి అదనంగా కలపడానికి. ఈ నాలుగోసారి దానికి ఏ రోగమూ లేదు. ఆమె ముఖం చూడకుండా ఉండటానికి నా చేతికి ఒక స్క్రూడ్రైవర్ కావలసి వచ్చింది. ఆమె చెల్లాచెదురుగా పడివున్న స్క్రూల మధ్య నుంచి అడుగులు చూసి వేసుకుంటూ లోపలికి పోయింది.

ఆ తర్వాత ఏడాది

ఆ తర్వాత మా ఇంట్లో సైగలు మొదలయ్యాయి. అయిదు వేళ్లు కలిపి నోటి దగ్గర పెడితే అన్నం తింటావా అని. మణికట్టు తిప్పితే నల్లా నీళ్లు వచ్చాయని. బొటనవేలు, చిటికెన వేలు చాపి చెవి దగ్గర పెడితే ఫోన్ అని. చూసినవాళ్లు నా చెవి గురించే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇంకా చెప్పాలంటే నాకు సుఖంగా ఉంది. మాట వినబడలేదన్న భయం లేదు, మళ్లీ అడిగే పని లేదు. లత వచ్చినప్పుడు, "బాపు, అమ్మ ఏంది గిట్ల మూగదాని లెక్క చేస్తుంది?" అని అడిగింది. మా ఇద్దరికీ ఇదే మంచిగుందన్నాను. ఏడాది గడిచింది.

చెవి చూపించుకోవడానికి నన్ను పంపింది పశ్చాత్తాపం కాదు. అంత మంచివాణ్ణి కాను. దుకాణానికి వచ్చిన ఒక గిరాకీ పంపింది.

మొన్న చలికాలంలో ఒక ముసలమ్మ టీవీ బాగు చేయించుకుని, మర్నాడే తిరిగి పట్టుకొచ్చింది. లోపల సన్నగా ఈల వేస్తోందంది. నేను చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదన్నాను. ఉందంది. ముప్పై ఏళ్ల నుంచి చేస్తున్న పని నాకు నేర్పుతావా అని లొల్లి పెట్టుకున్నాను. ఆమె సెట్టు ఎత్తించుకుని వేరే దుకాణానికి పోయింది. పోతూ ఏదో అంది. అది కూడా నాకు వినబడలేదు.

సలీం భాయ్ తన దుకాణంలోంచి అంతా చూశాడు. కాసేపటికి వచ్చి నా షట్టర్ సగం కిందికి లాగాడు. చేతిలో చిన్న అలారం గడియారం ఉంది. దాన్ని నా కుడి చెవి పక్కన, నాకు కనబడకుండా పట్టుకున్నాడు.

"ఇది నడుస్తుందా, ఆగిందా చెప్పు."

"ఆగింది" అన్నాను.

గడియారాన్ని నా ముఖం ముందుకు తెచ్చాడు. సెకండ్ల ముల్లు టకటకా తిరుగుతోంది. సలీం భాయ్ నవ్వలేదు. గడియారం జేబులో వేసుకుని, "రేపు పొద్దున తొమ్మిదికి దవాఖానకు తయారుండు. నేనూ వస్త. నాకు గూడ జరంత గొంతు నొప్పి ఉంది" అన్నాడు. ఆయనకు గొంతు నొప్పి లేదు. ఎవరైనా అడిగితే నేను ఆయనకు తోడు వచ్చానని చెప్పుకోవడానికి ఆ అబద్ధం ఆడాడు. నాకు ఈ జబ్బులో దొరికిన మొదటి దయ అది.

దవాఖానలో

చెవుల దవాఖానలో పేర్లు పిలుస్తారు. ఇది నేను కల్పించింది కాదు. నలభైమంది చెవులు సరిగాలేనివాళ్లు బెంచీల మీద కూర్చుని ఉంటే, తలుపు దగ్గర నిలబడి ఒక మనిషి చీటీ చూసి పేరు పిలిచి లోపలికి పోతాడు. అందుకని అక్కడ ఎవరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, పేపరు చదవరు. అందరి కళ్లూ ఆ తలుపు మీదే. మనిషి బయటికి రాగానే నలభై ముఖాలూ ఆయన పెదాల వైపు తిరుగుతాయి. గోడ మీద టీవీ ఉంది, సౌండు లేదు. ఒక్కరూ పెంచమని అడగలేదు.

నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా మోకాలి మీద తట్టి, నీ పేరు చెప్పు, నాకు ఎడమ చెవి మంచిగ పనిచేస్తుంది, పిలిస్తే చెప్తా అని తన చీటీ మీద నా పేరు రాయించుకుంది. మళ్లీ ఎప్పుడూ ఆమెను చూడలేదు. ఆరోజు నా పేరు విన్నది ఆమే.

నాకు చాలా భయంగా ఉంది. చెవి పోతుందని కాదు. చెవే నా మీటరు, అది పోయిందని కాగితం మీద రాసిస్తారని. సలీం భాయ్ పక్కన కూర్చుని తస్బీ తిప్పుకుంటున్నాడు. ఆ పూసల చప్పుడు వినబడుతుందేమోనని ప్రయత్నించాను. లేదు.

లోపల ఒక గాజు గది ఉంది. చెవులకు తొడుగులు పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. పరీక్ష చేసే అమ్మాయి అద్దం అవతల కూర్చుంది, మా లత వయసే ఉంటుంది. నేను అక్కడ కూడా మోసం చేశాను. ఆమె చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కుతూ పోయాను. అయిదారు సార్లకు ఆమెకు తెలిసిపోయింది. తలుపు తెరిచి నా కుర్చీని గోడ వైపు తిప్పింది.

"అంకుల్, పరీక్ష మీకు కాదు. మీ చెవికి."

గోడ వైపు కూర్చున్నాక చాలాసేపు నా వేలు కదలలేదు. మధ్యలో ఎప్పుడో ఒక శబ్దం వచ్చింది, పోయింది. తర్వాత మళ్లీ ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో శబ్దాలు నడుస్తున్నాయని, ఆమెకు తెలుస్తున్నాయని, నాకు మాత్రమే లేవని తెలుస్తూ ఉంటుంది. ఆ గది నుంచి బయటికి వచ్చేటప్పుడు నా చొక్కా తడిసిపోయింది.

ఎన్నాళ్ల నుంచి అని డాక్టరు అడిగాడు. ఆరు నెలలన్నాను. వెనక కుర్చీలోంచి సలీం భాయ్, "నాలుగేండ్లు సార్" అన్నాడు. డాక్టరు నాలుగేళ్లనే రాసుకున్నాడు.

ఆ అమ్మాయి కాగితం మీద గీత చూపించి చెప్పింది. లావు శబ్దాలు వినబడుతున్నాయి, సన్నవి పోయాయి. మనిషి మాటలో గొంతు లావుగా ఉంటుంది, అక్షరాల అంచులు సన్నగా ఉంటాయి. మీకు గొంతు వస్తోంది, అంచులు రావడం లేదు, అందుకే మాట వినబడినట్టే ఉండి అర్థం కాదు అంది. నేను రెండేళ్ల నుంచి దాచుకున్న ప్రశ్న అడిగాను. అయితే ఆ కొత్త టీవీల తప్పేమీ లేదా? ఆమె నవ్వింది. ఎందుకు లేదు అంకుల్, మంచి చెవులున్నవాళ్లు కూడా అవే ఫిర్యాదు చేస్తున్నారు, తప్పు రెండింటిదీ అంది.

నేను రెండేళ్లుగా వాదిస్తున్నది నిజమని ఒక చదువుకున్న మనిషి చెప్పింది. విని ఏం చేసుకోను? సైదాబాద్ వాకిట్లోకి ఆ కాగితం పట్టుకుని వెళ్లి, సగం తప్పు టీవీదని చూపించనా?

మిషను వచ్చాక

మిషన్లు పెట్టిన రోజు ఒక్కణ్ణే ఇంటికి నడిచి వచ్చాను. నా చెప్పులు ఇంత చప్పుడు చేస్తాయని తెలియదు. ప్లాస్టిక్ సంచి నలిగితే నూనెలో ఆవాలు వేసినట్టుంది. ఇంటి తలుపు దగ్గరకు వచ్చేసరికి లోపల ఎవరో మాట్లాడుతున్నారు. చుట్టాలు వచ్చారనుకున్నాను. తలుపు పట్టుకుని నిలబడి విన్నాను. సుగుణ ఫోన్‌లో లతతో మాట్లాడుతోంది. ఎవరో పక్కింటామె చీర బేరం చేసిన తీరు గొంతు మార్చి చెబుతోంది. నవ్వుతోంది. మధ్యలో ఊపిరి తీసుకుని మళ్లీ నవ్వుతోంది. అదే గొంతు. చిన్నది, తడిగా ఉన్నది. ఒక్క అక్షరం అంచు కూడా తెగలేదు.

నేను లోపలికి అడుగు పెట్టాను. ఆమె నన్ను చూసింది. ఫోన్ పెట్టేసింది. అయిదు వేళ్లు కలిపి నోటి దగ్గర పెట్టి, తింటావా అన్నట్టు చూసింది.

చెవిలో మిషను చూపించాను. ఇప్పుడు వినబడుతుంది, చెప్పు అన్నాను. ఆమె మిషను వైపు చూసింది. మంచిదే అన్నట్టు తలూపింది. మళ్లీ వేళ్లు నోటి దగ్గర పెట్టింది.

ఏడాది పైగా ఆ సైగలు నా చెవి కోసమనుకున్నాను. నా చెవికీ వాటికీ సంబంధం లేదు. ఆమె నాతో మాట్లాడటం మానేసింది, నాకు ఆ సంగతి వినబడలేదు, అంతే.

తర్వాత రెండు నెలలు నేను వేసిన వేషాలు చాలా ఉన్నాయి. చెక్కపెట్టెలు తీసేశాను. వాల్యూము పదహారుకు తెచ్చాను. ఏడున్నరకు ఆమె సీరియల్ పెట్టి పిలిచాను. వంటింటి గుమ్మం దాకా వచ్చి, తెర వైపు చూసి, చెయ్యి అడ్డంగా ఊపి పోయింది. అందులో కథ ఎప్పుడో దాటిపోయింది, మనుషులు కూడా మారిపోయారు. నేను ఒక్కణ్ణే కూర్చుని చూశాను. ప్రతి మాటా వినబడింది. అడగడానికి ఏమీ లేదు, చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

పదిహేను రోజుల కిందట, మధ్యాహ్నం, ఆమె వంటింట్లో పుంటికూర, అదే గోంగూర, తెంపుతోంది. టీవీ కట్టేసి పోయి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. చెప్పాను.

"అప్పుడు నువ్వు అడిగింది నాకు వినబడలే సుగుణా. అత్తమ్మకు బాగలేదని నాకు తెల్వదు. రెండు సార్లూ వినబడలే."

ఆమె ఆకు తెంపుతూనే ఉంది. ఒక కాడ అయింది, ఇంకో కాడ అందుకుంది. ఏడాదిన్నర తర్వాత నాతో మాట్లాడింది.

"మరి ఆడ అందరి ముంగట పని ఉండె అన్నవు."

"సిగ్గయింది."

"సిగ్గా?" అంది. చేతిలోని కాడ పక్కన పెట్టింది. "వినబడలే అని ఒక్క మాట అంటివనుకో, ఇంకోసారి గట్టిగ చెప్తుంటి. నువ్వు రాకున్నా నేనే ఆటో ఎక్కి పోతుంటి. నువ్వు వద్దన్నవనుకొని ఆగిన నేను."

నేను ఏదో అనబోయాను. ఆమె ఆగమన్నట్టు చెయ్యి ఎత్తలేదు. నోటితోనే అంది.

"ఆగు. ఇంకోటుంది. రెండో దినం అమ్మనే ఫోన్ చేసింది, వస్తున్నవా బిడ్డా అని. నువ్వు వద్దన్నవని చెప్పిన. అమ్మ ఏమన్నదో తెల్సా? పోనీ తియ్ బిడ్డా, ఆయన మాట కాదని రాకు, ఇంట్ల లొల్లి అయితది, నేను మంచిగనే ఉన్న అన్నది. గదే ఆఖరి మాట."

పుంటికూర కాడ విరిగే చప్పుడు వినబడుతోంది. వీధిలో ఎవరో బండి మీద ఉల్లిగడ్డలు అమ్ముతున్నారు, అదీ వినబడుతోంది. నా చెయ్యి మిషను దాకా పోయింది. తీసి జేబులో వేసుకుంటే చాలు, అంతా మళ్లీ నీళ్లలో నానిపోతుంది. చెయ్యి అక్కడే కాసేపు ఉండిపోయింది. కిందికి దించాను.

సుగుణ ఆ చేతినే చూస్తోంది.

"వినబడ్డదా?" అంది.

"వినబడ్డది."

ఆమె తలూపి, మిగిలిన ఆకు తెంపడం మొదలుపెట్టింది. నేను ఒక కట్ట నా వైపు లాక్కున్నాను.